లీ లాంటి జనరల్ ఉండి కూడా అమెరికా దక్షిణం ఎందుకు ఓడిపోయింది?

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరం, దక్షిణం ఎలా పోరాడాయి, లీ లాంటి సేనాని ఉండి కూడా దక్షిణం ఎందుకు ఓడింది అని అడిగారు. మాది ఆదోని దగ్గర పల్లె, తాత కాలం నుంచీ పత్తే వేస్తాం. ఆ యుద్ధం నాకు అర్థమైంది పత్తి వల్లే కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

2020 జనవరిలో మా పంట ఇంటికొచ్చింది. రేటు ఇంకొంచెం పెరుగుతుందని నాయన అమ్మలేదు, "ఇంకో పదిరోజులు చూద్దాంలేరా" అంటూ మార్చి దాకా లాగాడు. ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది. యార్డు బంద్, జిన్నింగ్ మిల్లులు బంద్. ముందు గదిలో నేల నుంచి దూలాల దాకా పత్తి, మేమంతా బయట అరుగు మీద పడుకునేవాళ్లం. ఎలుకలు ఒక బాధ, అడుగున పత్తి రంగు మారుతోందని ఇంకో బాధ. అమ్మకైతే నిప్పు భయం పట్టుకుంది, పొయ్యి వెలిగించే ముందు ప్రతిసారీ వెళ్లి ఆ గది తలుపు వేసుందో లేదో చూసొచ్చేది. ఇంటినిండా సరుకుంది, విత్తనాలకు చేతిలో డబ్బు లేదు.

ఆ రోజుల్లోనే ఫోన్‌లో ఈ యుద్ధం గురించి చదువుతుంటే, 1861లో అమెరికా నుంచి విడిపోయిన దక్షిణ రాష్ట్రాలు చేసిందీ ఇదేనని తెలిసి లేచి కూర్చున్నాను. అప్పట్లో బ్రిటన్ మిల్లులు వాడే పత్తిలో నాలుగింట మూడు వంతులు అక్కడిదే. పత్తి ఆపేస్తే మిల్లులు మూతబడతాయి, బ్రిటన్ దిగొచ్చి మనల్ని వేరే దేశంగా గుర్తిస్తుంది అని లెక్కేసి వాళ్లే ఎగుమతులు ఆపుకున్నారు. కానీ బ్రిటన్ గోదాముల్లో అంతకుముందు కొన్న పత్తి బోలెడుంది. ఇటు ఉత్తరం వైపు అధ్యక్షుడు లింకన్ 1861 ఏప్రిల్‌లోనే దక్షిణ రేవుల దిగ్బంధం ప్రకటించాడు. మొదట్లో ఉత్తరానికి సరిపడా ఓడలు లేవు, అమ్ముకోగలిగిన కాలం అదే, దాన్ని చేజేతులా పోగొట్టుకున్నారు. 1862లో పెద్ద రేవు న్యూ ఆర్లీన్స్ కూడా ఉత్తరం చేతికి పోయాక అమ్ముదామన్నా దారి లేదు.

ఇక పోరాటం సంగతి. దక్షిణానికి గెలవాల్సిన పని లేదు, ఉత్తరం విసిగిపోయేదాకా నిలబడితే చాలు. ఉత్తరానికి మాత్రం పదకొండు రాష్ట్రాలనూ మళ్లీ లోబరుచుకోవాలి. ముసలి జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ ఒక ప్లాన్ చెప్పాడు: సముద్రం మూసెయ్యి, మిసిసిపి నది పట్టుకో, ఊపిరాడకుండా చెయ్యి. పత్రికలు దానికి ఎగతాళిగా కొండచిలువ పేరు పెట్టాయి. చివరికి యుద్ధం నడిచింది చాలావరకు ఆ దారిలోనే.

లీ అంటే అందరికీ గుర్తొచ్చేది వర్జీనియా. రెండు రాజధానులు వాషింగ్టన్, రిచ్‌మండ్ మధ్య దూరం 160 కిలోమీటర్లు, మన కర్నూలుకీ అనంతపురానికీ ఉన్నదానికంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ కొద్ది నేల మీద ఏళ్ల తరబడి నెత్తురు పారింది. లీ అక్కడ చాలాసార్లు గెలిచాడు, కాదనను. 1863 జులైలో ఉత్తరాన ఉన్న గెట్టిస్‌బర్గ్ దాకా చొచ్చుకెళ్లి మూడు రోజుల యుద్ధంలో ఓడాడు, రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, దొరక్కుండా పోయినవాళ్లు 50 వేల దాకా ఉంటారు. కానీ మరుసటి రోజే, జులై 4న, మిసిసిపి ఒడ్డున విక్స్‌బర్గ్ ఉత్తరం జనరల్ గ్రాంట్‌కు లొంగిపోయింది. 47 రోజుల ముట్టడి అది, ఫిరంగి గుండ్లకు భయపడి ఊరి జనం కొండమట్టిలో గుహలు తవ్వుకుని బతికారు. నన్నడిగితే గెట్టిస్‌బర్గ్ కంటే ఇదే పెద్ద దెబ్బ, నది పోవడంతో దక్షిణం రెండు ముక్కలైంది.

1864లో గ్రాంట్ వర్జీనియాకు వచ్చి, ఎంతమంది పోయినా వెనక్కి తగ్గకుండా లీని పీటర్స్‌బర్గ్ కందకాల్లో తొమ్మిది నెలలు కట్టిపడేశాడు. అటు ఉత్తరం మరో జనరల్ షెర్మన్ అట్లాంటా నుంచి సవానా దాకా నడుస్తూ రైలు పట్టాలు పీకించి, స్లీపర్ల మంట మీద ఎర్రగా కాల్చి చెట్లకు చుట్టించాడు. సైన్యానికి తిండి మోసే దారులే లేకుండా పోయాయి. 1865 ఏప్రిల్ 9న లీ లొంగిపోయేనాటికి అతని సైనికులు ఆకలితో ఉన్నారు, వాళ్లకు తిండి పంపింది కూడా గ్రాంటే.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఇది రాష్ట్రాల హక్కుల కోసం జరిగిన యుద్ధం అని కొందరు రాస్తుంటారు. మిసిసిపి రాష్ట్రం విడిపోతూ ఇచ్చిన ప్రకటనలో మొదట్లోనే బానిసత్వం కోసమే అని ఉంది. పత్తి తీసేటప్పుడు ఎండిన కాయ మొనలు గోళ్ల పక్కన గుచ్చుకుంటాయి, సీజన్ అయిపోయేసరికి మా అమ్మ వేళ్లు అన్నం కలుపుకుంటే మండేవి. ఆ పని కూలీ లేకుండా, కొరడా కింద, పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా చేసినవాళ్లు అక్కడ లక్షల్లో ఉన్నారు. అవకాశం దొరగ్గానే వాళ్లు ఉత్తర సైన్యం వైపు పారిపోయారు, దాదాపు 1,80,000 మంది నల్లజాతివాళ్లు ఆ సైన్యంలో చేరి పోరాడారు. దక్షిణం ఎవరి కష్టం మీద బతికిందో వాళ్లే ఎదుటి పక్షాన తుపాకీ పట్టారు. మీ ప్రశ్నకు నాకు తెలిసిన అసలు జవాబు ఇదీ, పత్తి ఇరుక్కుపోవడం, రెండూ కలిపి. లీ ఎంత గొప్పవాడైనా ఈ రెంటికీ అతని దగ్గర మందు లేదు.

ఆ నాలుగేళ్లూ అమెరికా పత్తి లేక బ్రిటన్ మన దేశం వైపు చూసింది. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది, రైలు కూడా రాలేదు. ధర ఎన్నడూ లేనంత పెరిగేసరికి మన నల్లరేగడి రైతులు పత్తికి ఎగబడ్డారు. 1865లో యుద్ధం ఆగింది, అమెరికా పత్తి మళ్లీ ఓడలెక్కింది, ఇక్కడ ధర కూలింది. మా నాయన కూడా జూన్‌లో, కొనేవాళ్లు అడిగిన రేటుకే గది ఖాళీ చేశాడు.