తలకు దెబ్బ తగిలాక, ఎంతవరకు కోలుకుంటారో రక్తపరీక్ష చెబుతుందా?

కొంతవరకే. మెదడు కణాలు దెబ్బతింటే జీఎఫ్‌ఏపీ, యూసీహెచ్‌-ఎల్‌1 అనే ప్రొటీన్లు రక్తంలోకి చేరతాయి. మొదటి రోజే ఇవి బాగా ఎక్కువుంటే ప్రాణాపాయం, తీవ్ర వైకల్యం ముప్పును బాగానే పట్టిస్తాయి. స్వల్ప గాయం తర్వాత తలనొప్పి, మతిమరుపు నెలల తరబడి వేధిస్తాయా అన్నది మాత్రం సరిగా చెప్పలేవు. వయసు, కంటిపాపల స్పందన, స్పృహ స్థాయి, సీటీ స్కాన్‌తో కలిపే చూడాలి.

అసలు చిక్కంతా సమయంతోనే. యూసీహెచ్‌-ఎల్‌1 సుమారు 8 గంటలకు, జీఎఫ్‌ఏపీ 20 గంటల ప్రాంతంలో గరిష్ఠానికి చేరతాయి. నరాల తంతువుల నుంచి వచ్చే న్యూరోఫిలమెంట్ లైట్ అనే ప్రొటీన్ అయితే రోజులు, వారాలపాటు పెరుగుతూ పోతుంది. గాయమైన సమయం, రక్తం తీసిన సమయం రెండూ రాసి లేని రిపోర్టును బట్టి దయచేసి ఏ నిర్ణయానికీ రావద్దు.

మెదడు గాయానికి చూసే మరో రెండు ప్రొటీన్లు ఎస్‌100బీ, ఎన్‌ఎస్‌ఈ కూడా తప్పుదారి పట్టించగలవు. ఎస్‌100బీ ఎముక విరిగినా పెరుగుతుంది. శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలితే ఎన్‌ఎస్‌ఈ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఎర్రగా కనిపిస్తే మళ్లీ రక్తం తీయాల్సిందే.