నాలుగు గంటల నిద్రతో వచ్చిన మార్కులను బట్టి కోర్సు మార్చవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. రోజూ చంద్రగిరి నుంచి బస్సులో వెళ్లివస్తుంది. రాత్రి ఒంటిగంట దాకా చదివి, తెల్లవారుజామున ఐదింటికే లేస్తుంది. మొదట్లో నీట్ మాక్ టెస్టుల్లో 480 వచ్చేవి, ఇప్పుడు 400 దాటడం లేదు. తరచూ తలనొప్పి అంటోంది, చిన్న మాటకే విసుక్కుంటోంది. డాక్టర్ చదువు తన వల్ల కాదేమోనని తనే బాధపడుతోంది. వేరే కోర్సు చూడమంటారా?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: అమ్మా, కోర్సు మార్చే ఆలోచనను కొన్ని వారాలు పక్కన పెట్టండి. మార్కులు తగ్గడం కన్నా ఆ నాలుగు గంటల నిద్రే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. మీ అమ్మాయికి అందులో సగమే దక్కుతోంది. ఈ స్థితిలో రాసిన పరీక్షను చూసి ఆమె శక్తిసామర్థ్యాలను నిర్ణయించడం అన్యాయం.

పగలు చదివిన విషయం మొదట మెదడులోని హిప్పోకాంపస్‌లో తాత్కాలికంగా నిలుస్తుంది, గాఢనిద్రలో మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో క్రమంగా స్థిరపడుతుంది. ఆ నిద్రనే కోసేస్తే అర్ధరాత్రి దాకా చదివినదాంట్లో చాలా భాగం నిలవదు. దీనికితోడు ఏకాగ్రత సడలి, ప్రశ్నలోని 'కానిది ఏది' అన్న మాట కంటికి ఆనదు. నీట్‌లో సరైన జవాబుకు నాలుగు మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు ఒకటి పోతుంది. అంటే తెలిసిన ప్రశ్నను పొరపాటున తప్పు పెడితే ఐదు మార్కుల నష్టం. అలాంటివి పదహారు జరిగితే చాలు, మీరు చెప్పిన ఎనభై మార్కుల తేడా అక్కడే తేలిపోతుంది. గత రెండు పేపర్లను ముందు పెట్టుకుని, తెలిసి కూడా తప్పు చేసినవెన్నో అమ్మాయి చేతనే లెక్కపెట్టించండి.

'డాక్టర్ కావాలంటే నిద్ర మానుకోవడం అలవాటు కావాలి కదా' అని చాలామంది తల్లిదండ్రులు నాతో అంటారు. నిద్రలేమి అలా అలవాటయ్యేది కాదు. అమెరికాలో 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో రోజుకు నాలుగు గంటలే నిద్రపోయిన పెద్దవాళ్ల పనితీరు, రెండు వారాలయ్యేసరికి, రెండు రాత్రులు పూర్తిగా మేలుకున్నవారి స్థాయికి పడిపోయింది. విచారించవలసిన సంగతేమిటంటే, తాము అంతగా దిగజారామని వాళ్లకే తెలియలేదు. మీ అమ్మాయి బాగానే ఉన్నానని చెప్పినా పూర్తిగా నమ్మకండి. విసుగు, తలనొప్పి, తరచుగా జలుబు చేయడం, వేళకాని వేళ ఆకలి వేయడం వంటివి కూడా నిద్ర తక్కువైతే రావచ్చు.

మన తిరుపతి వైపు ఇళ్లలో సుప్రభాతం వేళకు లేచి చదివితే బాగా గుర్తుంటుందంటారు. రాత్రి తొమ్మిదింటికి పడుకున్నవారికి అది మంచి పద్ధతే. అయితే ఈ వయసులో నిద్రను రప్పించే మెలటోనిన్ సహజంగానే ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి, పొద్దున లేవలేకపోవడాన్ని బద్ధకమని తిట్టకండి. రాత్రి పదింటికి దీపం ఆర్పి, ఆరింటికి లేపండి. ఫోను మీ గదిలో ఉండాలి. కాఫీలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక సాయంత్రం నాలుగు దాటాక కాఫీ ఇవ్వకండి. ఆదివారం కూడా లేచే వేళ గంటకు మించి మారకూడదు. రోజుకు నాలుగు గంటలు పోతాయని అమ్మాయి భయపడుతుంది. ఆ భయాన్ని తీసిపారేయకుండా, మూడు వారాల ప్రయోగంగా చేద్దామని ఒప్పించండి.

నిద్ర సరిపోయాక కూడా నీరసం తగ్గకపోయినా, గురక ఉన్నా, దిగులు వీడకపోయినా రుయా ఆసుపత్రిలోగానీ మీకు నమ్మకమున్న వైద్యుల దగ్గరగానీ చూపించి, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించండి.

మూడు వారాల తర్వాత, అసలు పరీక్ష జరిగే మధ్యాహ్నం రెండు నుంచి ఐదు గంటల వేళలోనే ఒక మాక్ టెస్ట్ రాయించి, ఆ పేపరును, పాత పేపర్లను తీసుకుని ఇద్దరూ రండి. అప్పటికీ మార్కులు కదలకపోతే, మన తిరుపతిలోనే ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల కోర్సుల గురించి నింపాదిగా మాట్లాడుకుందాం.