యూత్ జట్టులో చోటు రాలేదు, ఆట మాన్పించాలా?

ప్రశ్న: మేం యోకొహామాలో ఉంటాం, ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మావాడు ఇక్కడి జపనీస్ మిడిల్ స్కూల్లో ఆఖరి ఏడాది. ఫుట్‌బాల్ క్లబ్బులో మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడతాడు. పొట్టిగా, బక్కగా ఉన్నాడని హైస్కూల్ వయసువాళ్లు ఆడే యూత్ జట్టులోకి తీసుకోలేదు. ఆట మాన్పించి హైదరాబాద్‌లో పదో తరగతిలో చేర్పిద్దామని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఊళ్లోనే, ఈ వయసులోనే జపాన్ ఫుట్‌బాల్ ఆటగాడు షున్సుకే నకమురాకీ ఇలాగే అయింది. యోకొహామా క్లబ్బు మారినోస్‌లో జూనియర్ యూత్, అంటే మిడిల్ స్కూల్ వయసు జట్టులో ఆడినవాణ్ణి పై జట్టుకి వద్దన్నారు. అప్పటికి అతనూ చిన్నగానే ఉండేవాడు. కవాసాకిలోని తోకో గకుఎన్ హైస్కూల్లో చేరి, స్కూలు జట్టుతో జాతీయ టోర్నమెంటు ఫైనల్ దాకా వెళ్లాడు. 1997లో అదే మారినోస్ అతన్ని తీసుకుంది. 2000లో జపాన్ ప్రొఫెషనల్ లీగ్ అయిన జె-లీగ్‌లో ఉత్తమ ఆటగాడు, 35 ఏళ్లకి 2013లో మళ్లీ. 2006లో స్కాట్లాండ్ క్లబ్బు సెల్టిక్ తరఫున మాంచెస్టర్ యునైటెడ్‌పై కొట్టిన ఫ్రీకిక్ గురించి మీవాడినే అడగండి, నాకంటే బాగా చెబుతాడు. 2022లో 44 ఏళ్లకి రిటైరై, కోచింగ్‌లోకి వెళ్లాడు.

మీవాడూ అంతవాడవుతాడని నేననను. అలా అనేవాళ్లకి ఫీజు కట్టకండి కూడా. నేను చెప్పేదల్లా, జపాన్‌లో క్లబ్ యూత్ ఒక్కటే దారి కాదు, హైస్కూల్ జట్లున్నాయి, ఆ తర్వాత యూనివర్సిటీ జట్లున్నాయి. కెంగో నకమురా అని ఇంకో ఆటగాడు చువో యూనివర్సిటీలో చదివాకే 2003లో కవాసాకి ఫ్రంటాలేకి వచ్చాడు. అప్పుడది రెండో డివిజన్ జట్టు. 2020లో రిటైరయ్యేదాకా అక్కడే ఆడాడు. 36 ఏళ్లకి ఉత్తమ ఆటగాడు. డిగ్రీ, ఆట రెండూ దక్కిన ఈ దారే మీ ఇంటికి సరిపోతుందని నాకనిపిస్తుంది.

స్కూలు ఎంచుకునేటప్పుడు మాత్రం పేరు చూసి పడిపోకండి. పేరున్న స్కూళ్లలో జట్టుకి వందమందికి పైగా ఉంటారు. ఎ, బి, సి అని విడగొడతారు, మూడేళ్లూ సి జట్టులోనే గడిచిపోయే పిల్లలున్నారు. ప్రాక్టీసు చూడనిస్తారా అని అడిగి, ఓ సాయంత్రం వెళ్లి గ్రౌండ్ పక్కన నిలబడండి. కోచ్ సి జట్టు వైపు ఎన్నిసార్లు వెళ్తాడో చూడండి. పాసైన పిల్లలు ఏ యూనివర్సిటీల్లో చేరారో అడగండి. ప్రైవేటు స్కూలైతే ఫీజుతో పాటు స్కూలు జట్టు ఖర్చులు, బయటి మ్యాచ్‌ల ప్రయాణ ఖర్చులు కూడా లెక్క వేసుకోండి.

మీవాడికి ఒక నోట్‌బుక్ కొనివ్వండి. షున్సుకే హైస్కూల్ రోజుల నుంచీ మ్యాచ్‌లో ఏం జరిగింది, ఏం నేర్చుకోవాలి, ముందు ముందు ఏం సాధించాలి అని రాసుకునేవాడు. ఒంటి ఎత్తు మన చేతిలో లేదు కానీ ఆటని చదవడం నేర్చుకోవచ్చు, మిడ్‌ఫీల్డర్‌కి ముందు కావలసింది అదే.

హైదరాబాద్ సంగతి. ఇన్నాళ్లూ జపనీస్‌లో చదివిన పిల్లాణ్ణి తీసుకెళ్లి నేరుగా పదో తరగతి పబ్లిక్ పరీక్షకి కూర్చోబెడితే ఆటా పోతుంది, మార్కులూ రావు. మీవారితో ముందు ఈ మాట మాట్లాడండి. జపాన్‌లో ప్రైవేటు హైస్కూళ్ల ప్రవేశ పరీక్షలు జనవరి, ఫిబ్రవరిల్లోనే అయిపోతాయి, ఆట చూసి సిఫార్సు మీద ఇచ్చే సీట్లయితే ఇంకా ముందే ఖాయమవుతాయి. కాబట్టి ఈ వారంలోనే క్లాస్ టీచర్‌ని కలవండి. మీవాణ్ణి కూడా వెంటబెట్టుకెళ్లండి.