సింకులో పోసిన నూనె ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెందుర్తి వైపు. బజ్జీలు, వడియాలు వేయించాక మిగిలిన నూనె సింకులో వంపి, వెనకే వేణ్ణీళ్లు, గిన్నెల సబ్బు పోస్తున్నాను. అయినా పైపు పూడుకుపోతోంది. యాసిడ్ పోయమంటున్నారు. సముద్రంలోకి పోయే మురుగులో కాస్త నూనె కలిస్తే ఏమైందండీ?

జవాబు: వేణ్ణీళ్లు నూనెను మొదటి వంపు దాటిస్తాయంతే, తర్వాత చల్లారిపోతాయి. నెయ్యి, డాల్డా అక్కడే పేరుకుంటాయి. పల్చటి నూనె మన ఎండలకి గడ్డకట్టదు, నిజమే. కానీ పైపు గోడకంటుకుని, నీళ్లలోని కాల్షియంతో కలిసి గట్టి పొర కడుతుంది. మెతుకులు, టీ పొడి దానికే అతుక్కుంటాయి. సబ్బు కూడా చిక్కగా ఉన్నంతసేపే నూనెను పట్టి ఉంచుతుంది.

యాసిడ్ జోలికి పోకండి. జిడ్డు దానికి లొంగదు. పైపులో బ్లీచింగ్ పౌడర్ మిగిలి ఉంటే క్లోరిన్ వాయువు పుడుతుంది, వంటింట్లో ఊపిరాడదు. సింకు కింద సీసాలా ఉండే ట్రాప్‌కి బకెట్ పెట్టి, అడుగు మూత చేత్తో తిప్పి విప్పండి. జిడ్డు గీకి చెత్తబుట్టలో వేయండి, మళ్లీ సింకులో కడిగేరు! బిగించేటప్పుడు రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చోవాలి. కారేది అక్కడే.

ఇక సముద్రం మాట. కాలవ నీళ్లు ముందు గెడ్డలో, అంటే వాగులో పడతాయి. నూనె పొర పరుచుకుంటే గాలిలోని ఆక్సిజన్ నీళ్లలోకి దిగదు, ఉన్నది సూక్ష్మజీవులు నూనెను తింటూ వాడేస్తాయి. చేపలకు మిగలదు. పైగా గెడ్డలన్నీ నేరుగా సముద్రానికే పోవు. కొన్ని చేరే మేఘాద్రిగెడ్డ జలాశయం నగరానికి తాగునీరిస్తుంది. మీ వీధి కాలవ ఎటు పారుతోందో ఒకసారి చూసుకోండి.

మూకుడు కడిగే ముందు పాత పేపరుతో తుడవండి, సగం బెడద అక్కడే తీరుతుంది. మిగిలిన నూనె చల్లారాక రంపపు పొట్టులో గానీ కొబ్బరి పొట్టులో గానీ ఇంకించి, పొట్లం కట్టి చెత్తబండికివ్వండి. ఎరువు కుండీలో మాత్రం వద్దు, గాలి ఆడక కుళ్లు వాసనొస్తుంది. ఎక్కువ మిగిలే ఇళ్లవారు సీసాలో పోగుచేయవచ్చు. వాడిన నూనెను బయోడీజిల్‌కు సేకరించే పథకాన్ని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లో మొదలుపెట్టింది, అయితే కొనేవాళ్లు ఎక్కువగా హోటళ్ల చుట్టూనే తిరుగుతారు.

ప్రశ్న: గడువు దాటిన మాత్రలు టాయిలెట్‌లో వేయొచ్చా?

జవాబు: వద్దు. యాంటీబయాటిక్స్ సెప్టిక్ ట్యాంకులో పూర్తిగా నశించవు, భూగర్భ జలాల్లోకి ఇంకుతాయి. పాత బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లలాగే విడిగా కవరులో కట్టి, హానికర చెత్త అని చెప్పి ఇవ్వండి.