తడిసినా చలి పట్టకుండా ఉండాలంటే కొండ మీదకి ఏ బట్టలు వేసుకెళ్ళాలి?

విజయనగరం నుంచి మీరు ఐదుగురు కార్తీకంలో మహేంద్రగిరి ఎక్కుదామనుకుంటున్నారు. జీన్స్, కాటన్ టీషర్టు, పైన రెయిన్‌కోటు సరిపోతాయా, వానలో తడిస్తే ఏ బట్ట వెచ్చగా ఉంటుంది, ఎక్కువ ఖర్చు పెట్టలేం అని అడిగారు. మీ చెల్లి కూడా వస్తోందన్నారు.

సరిపోవు. మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లెటూరు. మందస వైపు నుంచి ఆ కొండ ఆరేడుసార్లు ఎక్కాను. మొదటిసారి వెళ్ళింది సరిగ్గా మీరు చెప్పిన బట్టలతోనే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అది నవంబరు నెల. నాతో మా పిన్ని కొడుకు వచ్చాడు, అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్ళు. పొద్దున్న బయల్దేరేసరికి ఎండ చక్కగా కాస్తోంది. ఇద్దరివీ కాటన్ బనీన్లు, కాటన్ చొక్కాలు, జీన్స్ ప్యాంట్లు. సగం దూరం ఎక్కేసరికి మంచు కమ్మి జల్లు మొదలైంది. ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు తొడుక్కున్నాం, ఇక తడవం అనుకున్నాం. నిజానికి వాన నీళ్ళు లోపలికి పెద్దగా రాలేదు. మమ్మల్ని తడిపింది మా చెమటే. గాలి ఆడని కోటు వేసుకుని ఎత్తు ఎక్కుతుంటే అరగంటలో బనీను పిండితే నీళ్ళు కారేలా అయిపోయింది. నడుస్తున్నంతసేపూ ఒళ్ళు వేడిగానే ఉంది కాబట్టి మాకది తెలియలేదు. పైకి చేరి ఆగాం. గాలి కొట్టింది.

అంతవరకూ గలగలా మాట్లాడుతూ వచ్చినవాడు మాట తగ్గించేశాడు. కోటు జిప్పు లాగబోతే వేళ్ళు పట్టు దొరకడం లేదు. ఏంట్రా అని అడిగితే మాట ముద్దగా వచ్చింది. నేను వాడి వీపు మీద చెయ్యి వేసి చూశాను. బనీను చర్మానికి అతుక్కుపోయి, బావిలోంచి తీసిన చేదలా చల్లగా ఉంది. అంత టెన్షన్ నేను అంతకుముందు ఎప్పుడూ పడలేదు.

దగ్గర్లో పశువుల కాపరుల పాక ఉంటే వాణ్ణి అక్కడికి నడిపించాను. మంట వేయమని నేను కంగారు పడుతుంటే అక్కడున్న తాత ఒకే మాట అన్నాడు. "ముందు ఆ గుంటడి ఒంటిమీద తడిగుడ్డ ఇప్పీండి. మంట తరవాత ఎయ్యొచ్చు." బనీనుతో సహా అన్నీ విప్పించి తన కంబళి చుట్టబెట్టాడు. ఆ కంబళీ వానలో తడిసిందే. పైన నూగు మీద నీటిచుక్కలు ముత్యాల్లా నిలబడి ఉన్నాయి. లోపలివైపు చెయ్యి పెట్టి చూస్తే కొంచెం చెమ్మ తగిలింది కానీ చల్లగా లేదు. బెల్లం టీ తాగించాం. ముప్పావుగంటకి వాడి వణుకు తగ్గి మాట తిన్నగా వచ్చింది.

ఆ రోజు గడ్డకట్టే చలేమీ లేదు. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అంటే కింద బారువ సముద్రపు ఒడ్డున ఉన్నదానికంటే కొండ కొన మీద తొమ్మిది, పది డిగ్రీలు తక్కువ. కింద ఇరవై ఆరుంటే పైన పదహారు. పొడి బట్టలతో ఉన్నవాడికి హాయైన వాతావరణం అది. తడి, గాలి కలిస్తేనే ప్రమాదం. మామూలుగా 37 డిగ్రీల దగ్గర ఉండే ఒంటి లోపలి వేడి 35 కంటే దిగితే దాన్ని హైపోథెర్మియా అంటారు. దానికి మంచుకొండలే అక్కర్లేదు.

వేసవిలో మన ఇళ్ళలో కుండకి తడిగుడ్డ ఎందుకు చుడతాం? గుడ్డలోని నీరు ఆవిరవుతూ కుండలో వేడిని లాక్కుపోతుందని. ఆ గుడ్డ తప్పకుండా నూలు గుడ్డే, నీళ్ళు పట్టి ఉంచాలి కదా. తడిసిన కాటన్ బనీను వేసుకుని గాలిలో నిలబడితే కుండ స్థానంలో మన ఒళ్ళు ఉంటుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కిలోక్యాలరీల వేడి కావాలి. మనిషి రోజంతా తినే తిండి ఇచ్చే శక్తిలో అది పావు వంతుకి పైనే. శ్రీముఖలింగంలో వంశధారలో కార్తీక స్నానం చేసినవాళ్ళకి ఇది అనుభవమే. నీళ్ళలో ఉన్నప్పటికంటే తడిపంచెతో గట్టెక్కాకే పళ్ళు టకటకలాడతాయి.

రెండోది, బట్ట మనకి వెచ్చదనం ఇచ్చేది తన పోగుల మధ్య పట్టి ఉంచిన గాలితో. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని బయటికి మోసుకుపోతుంది. నూలుపోగు తడవగానే మెత్తబడి చర్మానికి అతుక్కుంటుంది, గాలి ఉండాల్సిన చోటంతా నీరు చేరుతుంది. పొందూరు ఖద్దరంటే నాకు ప్రాణం. వాలుగ చేప దవడతో దూదిని ఏకి, సన్నగా వడికి నేసిన ఆ పంచె ఏప్రిల్ ఎండలో కడితే ఒంటికి ఎంత సుఖమో మన వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు. చెమటని పీల్చి ఒళ్ళు చల్లబరిచే ఆ గుణమే కొండ మీద వానలో మనకి పనికిరానిది.

ఆ ప్రయాణం నుంచి ఇంటికొచ్చాక ఒక పని చేశాను. మీరూ వెళ్ళేముందు తప్పక చెయ్యండి, గంట పని. వంటింటి కాటా తీసుకుని కాటన్ టీషర్టు ఒకటి, క్రికెట్ ఆడేటప్పుడు వేసుకునే పాలిస్టర్ టీషర్టు ఒకటి పొడిగా తూచాను. కాటన్‌ది 165 గ్రాములు, పాలిస్టర్‌ది 130. రెండింటినీ బకెట్లో ముంచి, చేతులతో గట్టిగా పిండి మళ్ళీ తూచాను. కాటన్ 380 అయింది, పాలిస్టర్ 205. రెండూ వరండాలో దండెం మీద వేస్తే పాలిస్టర్‌ది గంటన్నరకే ఆరిపోయింది. కాటన్‌ది సాయంత్రం దాకా చంకల దగ్గర చెమ్మగానే ఉంది. జీన్స్ కూడా తూచాను కానీ పిండడానికే ఇద్దరు పట్టాల్సొచ్చింది. అది కాళ్ళకి కట్టుకుని రాళ్ళ మీద దిగడం, తొడలు ఒరుసుకుపోవడం నాకు గుర్తే. జీన్స్ మాత్రం ఇంట్లో వదిలేయండి.

పాలిస్టర్ పోగు తన లోపలికి నీటిని దాదాపు తీసుకోదు, బరువులో ఒక శాతం కూడా ఉండదు. నీరు పోగుల మధ్య నిలబడుతుందంతే, పిండితే చాలావరకూ పోతుంది. మా అమ్మకి ఈ లెక్కలేవీ తెలియవు కానీ ఊడుపులకి వెళ్ళేటప్పుడు నూలు చీర కట్టేది కాదు. యూరియా సంచి కొప్పులా మడిచి నెత్తిన వేసుకుని, పాలిస్టర్ చీర కట్టుకుని దిగేది. "ఇదైతే గట్టు మీదకొచ్చి రెండుసార్లు దులిపితే సగం ఆరిపోద్ది" అనేది. అదే పాలిస్టర్‌ని నూగు లేపి ఒత్తుగా తయారు చేస్తే ఫ్లీస్ అంటారు. బజారులో ఫ్లీస్ జాకెట్ అని అడిగితే ఇస్తారు. తడిసినా ఆ నూగు నిలబడే ఉంటుంది, గాలిని పట్టి ఉంచుతుంది. ఖర్చు చూసుకునేవాళ్ళకి అంతకంటే మంచిది నాకు కనబడలేదు.

ఇక ఉన్ని. ఉన్నిపోగు నీటి ఆవిరిని లోపలికి బాగానే పీలుస్తుంది, తన బరువులో దాదాపు 30 శాతం పీల్చినా చేతికి తడిగా అనిపించదు. అలా పీల్చేటప్పుడు కొంచెం వేడిని విడుదల చేస్తుంది కూడా. పోగు పైపొర నీటిని తోసేస్తుంది, పోగులు సహజంగా వంకీలు తిరిగి ఉంటాయి కాబట్టి తడిసినా చర్మానికి పూర్తిగా అతుక్కోవు. తాత కంబళి రహస్యం ఇదే. అయితే ఉన్ని మంత్రమేమీ కాదు. పూర్తిగా మునిగితే బరువెక్కుతుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది, పొడిగా ఉన్నంత వెచ్చగా ఉండదు. కాటన్‌తో పోలిస్తే మాత్రం ఎంతో మేలు.

చలికాలం మన ఊళ్ళలో రోడ్డు పక్క అమ్మే స్వెటర్లు ఎక్కువగా అక్రిలిక్, అంటే ఉన్నిలా కనిపించే సింథటిక్ నూలు. ఉన్ని అని చెప్పి ఇచ్చినా లోపల చీటీ చూడండి. అనుమానముంటే అంచు నుంచి ఒక పోగు లాగి, చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. ఉన్నయితే జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. అక్రిలిక్ అని తేలినా పారేయకండి. అదీ నీరు పెద్దగా తాగదు, కాటన్ స్వెట్‌షర్టు కంటే నయం. ఇన్నర్‌వేర్ కొట్లలో థర్మల్ పేరుతో అమ్మేవాటితోనే జాగ్రత్త. చాలావాటిలో కాటన్ ఎక్కువ పాళ్ళు కలిసి ఉంటుంది. విస్కోస్, రేయాన్, వెదురు బట్ట అన్నా వద్దనండి, అవి కాటన్ కంటే ఎక్కువ నీళ్ళు తాగుతాయి. ఈకలు కూరిన జాకెట్ ఎవరైనా ఎరువిస్తానన్నా వద్దు. తడిస్తే ఈకలన్నీ ముద్దయిపోతాయి.

మీ బడ్జెట్‌కి నేను చెప్పేది ఇది. ఒంటికి ఆనేది పాలిస్టర్ టీషర్టు. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ఆటల బట్టలు అమ్మే కొట్లలో రెండు మూడు వందలకి దొరుకుతుంది. లోపల కాటన్ బనీను వెయ్యొద్దు. మావాణ్ణి పడగొట్టింది ఆ బనీనే. కిందకి పాలిస్టర్ ట్రాక్‌ప్యాంటు. పైన వేసుకోవడానికి ఫ్లీస్ కానీ, ఇంట్లో నాన్నగారి పాత ఉన్ని స్వెటర్ కానీ. తలకి మంకీక్యాప్, కాళ్ళకి ఉన్ని లేదా నైలాన్ సాక్సులు. అన్నిటి మీదా గాలి, వాన ఆపే రెయిన్‌కోటు. ఫ్లీస్‌లోంచి గాలి దూరిపోతుంది కాబట్టి కోటు లేకుండా ఫ్లీస్ ఒక్కటే చాలదు.

ఎక్కేటప్పుడు ఫ్లీస్ సంచిలోనే ఉంచండి. కొంచెం చలిగా ఉండగానే నడక మొదలుపెట్టండి, పది నిమిషాల్లో ఒళ్ళు వేడెక్కుతుంది. చెమట పట్టేలా ఉంటే కోటు జిప్పు తీయండి, అడుగు నెమ్మది చేయండి. ఆగిన వెంటనే, ఇంకా చలి వేయకముందే ఫ్లీస్ తొడగండి. తడిసి ముద్దయితే విప్పి గట్టిగా పిండి మళ్ళీ వేసుకోండి. కాటన్‌తో ఈ పని దండగ, ఫ్లీస్, ఉన్ని మాత్రం పిండాక మళ్ళీ వెచ్చబడతాయి. ఒక్కొక్కరికీ ఒక జత పొడిబట్టలు రెండు పాలిథిన్ కవర్లలో మూతి కట్టి సంచి అడుగున పెట్టండి. దారిలో ఎంత తడిసినా ఆ జత ముట్టుకోవద్దు. అది రాత్రి పడుకునేటప్పటికి, లేదా ఎవరికైనా ఒళ్ళు మరీ చల్లబడిపోతే.

మంట దగ్గర జాగ్రత్త. పాలిస్టర్, నైలాన్, అక్రిలిక్ మీద నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఉన్ని అంత త్వరగా అంటుకోదు. మంట ముందు కూర్చునేటప్పుడు పైన ఉన్నిదో, కంబళో ఉండేలా చూసుకోండి.

మీ ఐదుగురూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండండి. వణుకుతున్నవాడు వెనకబడుతున్నా, వస్తువులు జారవిడుస్తున్నా, మాట తడబడుతున్నా అక్కడే ఆగిపోండి. గాలి తగలని చోట కూర్చోబెట్టి తడిబట్టలు విప్పించి, పొడివి వేసి, తెలివిగా ఉంటే వేడిగా తియ్యగా ఏదైనా తాగించండి. కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దొద్దు. మద్యం అస్సలు ఇవ్వొద్దు. తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని లోపలి వేడి ఇంకా పోతుంది. ఒళ్ళు వెచ్చబడకుండానే మనిషి మత్తుగా అయిపోయి వణుకు ఆగిపోయిందంటే అది బాగుపడటం కాదు, చెయ్యి దాటుతోందని గుర్తు. మెల్లగా కదిపి, వెచ్చగా చుట్టి వెంటనే కిందకి, ఆసుపత్రికి చేర్చాలి.

మీ చెల్లి విషయం. మామూలుగా అమ్మే లెగ్గింగ్స్ ఎక్కువగా కాటన్, లైక్రా కలిపినవి. అవి కాలికి బిగుతుగా అతుక్కుని ఉంటాయి, తడిస్తే జీన్స్ అంత బాధా పెడతాయి. పాలిస్టర్ ట్రాక్‌ప్యాంటు, పైన పొడుగు చేతుల పాలిస్టర్ టాప్ తీసుకోమనండి. చున్నీ కావాలంటే సింథటిక్‌దే, లేదా చిన్న ఉన్ని శాలువా, మెడకీ చెవులకీ చుట్టుకోవడానికి పనికొస్తుంది. లోదుస్తులు కూడా కాటన్ కాకుండా ఆటల కోసం అమ్మేవి చూసుకోమనండి. ఇది ఎవరూ చెప్పరు, కానీ అన్నిటికంటే ఆలస్యంగా ఆరేవి అవే.