జీతం ఇరవయ్యో తేదీకే అయిపోతోంది, పార్టీలు మానలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 27. ఖరీదైన మహానగరంలో ఉద్యోగం. జీతంలో దాదాపు సగం అద్దెకే పోతుంది. రోజూ రాత్రి తొమ్మిది దాకా పని. శుక్ర, శనివారాలు ఆఫీసు వాళ్లతో పబ్బులు, పార్టీలు. వెళ్లకపోతే వెలితి, వెళ్తే సోమవారం దాకా ఒళ్లు స్వాధీనంలో ఉండదు. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కడుతూ నెట్టుకొస్తున్నాను. ఎంత దాచావని ఇంట్లో అడిగితే అబద్ధం చెబుతున్నాను. పార్టీలు పూర్తిగా మానేయాలా?

జవాబు: మానేయమని చెప్పను. ఒట్టు పెట్టుకుని రెండు వారాలు ఆగినా, మూడో వారం అంతకు రెట్టింపు ఖర్చు పెట్టే అవకాశమే ఎక్కువ. వారంలో ఐదు రోజులు మీ సమయం మీ చేతిలో లేదు. ఆ కసి శుక్రవారం రాత్రి తీర్చుకుంటున్నారేమో చూసుకోండి. గత రెండు నెలల్లో నిజంగా సరదాగా గడిచిన రాత్రులు ఎన్నో, మొహమాటానికి కూర్చున్నవి ఎన్నో గుర్తు చేసుకోండి. కోత ఆ రెండో రకంలోనే పెట్టాలి.

అన్నిటికంటే ముందు కార్డు సంగతి. కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము తప్పుతుంది గానీ, మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పైగా చాలా కార్డుల్లో పాత బాకీ మొత్తం తీరేదాకా కొత్త ఖర్చులకు వడ్డీ లేని గడువు ఉండదు. శనివారం రాత్రి గీకిన బిల్లుకు ఆ రోజు నుంచే వడ్డీ మొదలన్నమాట. నెలకు 3 శాతం అనుకున్నా చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. కాబట్టి బాకీ తీరేదాకా కార్డు ఇంట్లోనే వదిలి వెళ్లండి. తక్కువ వడ్డీకి అప్పు దొరికితే దానితో ఈ బాకీ తీర్చేసి, నెలనెలా వాయిదా కట్టుకోవడం మేలు. జీతం పడిన రోజే అద్దె, వాయిదా పక్కన పెట్టి, సరదాలకు వేరే ఖాతాలో కొంత వేసుకోండి. అది అయిపోయిందంటే ఆ నెలకు పార్టీలు అయిపోయినట్టే.

అసలు పెద్ద ఖర్చు పార్టీలది కాదు, అద్దెది. అద్దె గడువు ముగిసేటప్పుడు ఇంకొకరితో కలిసి ఉండడం గురించి ఆలోచించండి. దూరంగా మారితే మాత్రం ప్రయాణానికి పోయే గంటలూ, అర్ధరాత్రి క్యాబ్ ఖర్చూ లెక్కలో వేసుకోండి. చాలామంది అద్దె ఒక్కటే చూసుకుని మోసపోతారు.

ఇక సోమవారం నీరసం. మందు తాగితే త్వరగా నిద్ర పడుతుంది, కానీ రాత్రి రెండో సగంలో నిద్ర చెదిరిపోతుంది. దానికి తోడు రెండు రోజులు మధ్యాహ్నం దాకా పడుకుంటే శరీరంలోని గడియారం వెనక్కి జరుగుతుంది. ఆదివారం రాత్రి నిద్ర పట్టదు, సోమవారం తెల్లవారదు. వారానికి ఒక్క రాత్రే పెట్టుకోండి, అదీ శుక్రవారం. తేరుకోవడానికి రెండు రోజులుంటాయి.

కాదనడం కష్టమంటారా? పూర్తిగా కాదనక్కర్లేదు. "పదిన్నరకి వెళ్లిపోతాను" అని వెళ్లగానే చెప్పేయండి, లేచేటప్పుడు చెబితే ఎవరూ వదలరు. "నా బిల్లు నేను కట్టుకుంటా" అన్న మాట కూడా ఆర్డర్ ఇవ్వకముందే అనాలి. పై అధికారి ఉంటాడు కాబట్టి చివరిదాకా ఉండాలనుకుంటున్నారేమో! పనికొచ్చే మాటలన్నీ మొదటి గంటలోనే అయిపోతాయి, తర్వాత ఎవరు ఉన్నారో ఎవరికీ గుర్తుండదు. ఆయనతో మాట్లాడాల్సింది ఆఫీసులోనే. ఏ పనుల వల్ల రోజూ తొమ్మిదవుతోందో రాసుకెళ్లి, వారంలో రెండు రోజులైనా వేళకు వెళ్లేలా అడగండి.

ఇంట్లో వాళ్లకు, "ఇంకా ఏమీ దాచలేదు, కొంత అప్పుంది, తీరుస్తున్నాను" అని చెప్పేయండి. కొన్ని రోజులు కోప్పడతారు. అయినా ప్రతి ఫోన్ కాల్‌కీ కొత్త అబద్ధం వెతుక్కునే టెన్షన్ కన్నా అదే నయం.

ఒకవేళ పని రోజుల్లో కూడా మందు లేకపోతే నిద్ర పట్టడం లేదన్నా, రెండు చాలనుకున్న ప్రతిసారీ లెక్క దాటుతోందన్నా, ఇది ఖర్చు సమస్య కాదు. ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి.