కేకుల దుకాణం పెట్టబోయే నా జ్ఞానపుత్రికకు

క్రీస్తునందు ప్రియమైన తల్లీ,

బెంగళూరు కమ్మనహళ్లిలో చూసిన దుకాణం ఫొటోలు చేరాయి. చోటు బాగుంది. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదని రాశావు, అది విని మనసు కుదుటపడింది. ఇచ్చేముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు, అమ్మకి కూడా వినిపించు.

"దేవుడే చూసుకుంటాడు" అని రాశావు. ఆ నమ్మకం ఎప్పటికీ పోగొట్టుకోకు. కానీ గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో అడిగింది సాక్షాత్తు ప్రభువే. వ్యాపారంలో నష్టం ఎవరికైనా వస్తుంది. ఆ నష్టం ఎవరి సొమ్ముతో తీరుతుందో మనం ముందే తేల్చుకోవాలి. నీ పొదుపు పోతే బాధ, అంతే. పనిచేసినవాళ్ల జీతం, అమ్మ ఇల్లు, మన గుడి విచారణలో (గుడి పరిధిలోని కుటుంబాల్లో) నలుగురు నమ్మి ఇచ్చిన డబ్బు పోతే మాత్రం అది దొంగిలించవద్దన్న ఏడవ ఆజ్ఞ దాకా వెళ్తుంది. అందుకని లెక్కల పుస్తకం మొదటి పేజీలో ఒక అంకె రాయి: "ఇంత పోతే దుకాణం మూసేస్తాను." కింద తేదీ వేసి నువ్వూ అమ్మా సంతకం పెట్టండి. అమ్మకాలు తగ్గాక ఆ అంకె రాయాలంటే చెయ్యి రాదు.

నువ్వు పంపిన అంకెలతోనే చూద్దాం. చేతిలో 9 లక్షలు. ఇంటి ఖర్చు నెలకి 40 వేలు. ఆరు నెలల ఇంటి ఖర్చు 2 లక్షల 40 వేలు అమ్మతో కలిపి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టి, అది నీది కాదనుకో. మిగిలింది 6 లక్షల 60 వేలు. అద్దె 22 వేలు, బెంగళూరు ఆనవాయితీ ప్రకారం ఓనరు పది నెలల అడ్వాన్స్ అడుగుతున్నాడు, అంటే 2 లక్షల 20 వేలు. ఇక 4 లక్షల 40 వేలు. ఓవెన్, మిక్సర్, షోకేసు, లైట్లు అన్నీ కొత్తవి కలిపి 4 లక్షలకి కొటేషన్ తెచ్చావు. అంటే తలుపు తెరిచిన రోజున నీ చేతిలో 40 వేలు. నెల ఖర్చేమో అద్దె 22, సహాయకుడి జీతం 18, కరెంటు గ్యాస్ 10, రవాణా రిపేర్లు వగైరా 10, మొత్తం 60 వేలు. మొదటి నెల కూడా దాటదు. కొత్త దుకాణాలు చాలావరకు మునిగేది ఇక్కడే: సరుకు బాగోక కాదు, కొనేవాళ్లు అలవాటు పడేలోపు చేతిలో డబ్బు అయిపోయి. అద్దాలకీ లైట్లకీ పోసిన డబ్బు వెనక్కి రాదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అనిపించుకోవద్దు. కనీసం నాలుగు నెలల ఖర్చు, అంటే 2 లక్షల 40 వేలు చేతిలో ఉంచుకుని, మిగతా 2 లక్షల్లో వచ్చే సామాను మాత్రమే కొను. మూతపడిన బేకరీల ఓవెన్లు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. కొనేముందు అరగంట వేడిచేయించి, నాలుగు మూలలా నాలుగు బన్నులు పెట్టి చూడు. ఒక మూల నల్లబడి ఇంకో మూల తెల్లగా ఉంటే ఎలిమెంట్ పోయినట్టే. అడ్వాన్స్ ఆరు నెలలకి తగ్గించమని అడుగు, అడిగితే పోయేదేమీ లేదు.

ఇప్పుడు ఒక్క ప్లమ్ కేకు లెక్క. మైదా 250 గ్రాములు, వెన్న 250, చక్కెర 250, గుడ్లు 5 (అవీ దాదాపు 250), ఎండు పండ్లు 400. పిండి మొత్తం 1400 గ్రాములు. ఓవెన్‌లో పదో వంతు దాకా తేమ పోతుంది కాబట్టి చేతికొచ్చేది 1260. వెన్నకి 150 రూపాయలు, గుడ్లకి 35, మైదా చక్కెర చెరో 12, పండ్లకి 240 అనుకుంటే 449. అంటే కిలోకి 356. పెట్టె 30. విరిగినవి, రుచికి ఇచ్చినవి, మిగిలిపోయినవి కలిపి 400 వేసుకో. కిలో 600కి అమ్మితే మిగిలేది 200. నెల ఖర్చు 60 వేలు తీరాలంటే 300 కిలోలు అమ్మాలి. 26 పనిదినాలకి పంచితే రోజుకి దాదాపు 12 కిలోలు. డిసెంబరులో అమ్ముతావు. జూలైలో రోజుకి 12 కిలోల ప్లమ్ కేకు ఎవరు కొంటారు? కాబట్టి దుకాణాన్ని ఏడాది పొడవునా నిలబెట్టేది క్రిస్మస్ కేకు కాదు. రోజూ పొద్దున పోయే బ్రెడ్డు, బన్ను, సాయంత్రం పోయే పఫ్. వాటికీ ఇదే లెక్క వేసి పంపు. వెన్న ధర కిలోకి 50 రూపాయలు పెరిగితే ఏమవుతుందో కూడా వేసి చూడు.

మనవాళ్ల క్యాలెండర్ నిన్ను మోసం చేస్తుంది, జాగ్రత్త. ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 దాకా శివాజీనగర్ మరియమాత బసిలికాలో నవదిన ప్రార్థనలకీ పండుగకీ వచ్చే జనాన్ని చూసీ, గురువారాలు వివేక్‌నగర్ బాలయేసు గుడి దగ్గర రద్దీని చూసీ రోజువారీ అమ్మకం ఊహించుకోవద్దు. ఈస్టర్ ముందు వచ్చే తపస్సుకాలంలోనూ, క్రిస్మస్ ముందు ఆగమన కాలంలోనూ మన గుళ్లలో పెళ్లిళ్లు తక్కువ, కాబట్టి పెళ్లి కేకుల ఆర్డర్లు పడిపోతాయి. ఈస్టర్ తర్వాత ఒక్కసారిగా వస్తాయి. డిసెంబరు లాభంలో సగం కదపకుండా పక్కన పెడితే తపస్సుకాలం దాటుతావు.

అందుకే నా మాట: దుకాణానికి ముందు మూడు నెలలు ఇంటి వంటగదిలోనే చెయ్యి. ఇంటి నుంచి అమ్మినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి, ఆ 14 అంకెల నంబరు బిల్లు మీదా పెట్టె మీదా ఉండాలి. మూడు నెలల్లో చూడాల్సింది మొత్తం అమ్మకం కాదు, రెండోసారి కొన్నవాళ్లు ఎంతమంది అని. చుట్టాలూ గుడివాళ్లూ మొదటిసారి ప్రేమతో కొంటారు. వాళ్ల పేర్లు ఒక పేజీలో, బయటివాళ్ల పేర్లు ఇంకో పేజీలో రాసుకో. రెండో పేజీ నిండాకే దుకాణం.

దుకాణం విషయానికొస్తే ముందు కరెంటు మీటరు చూడు. చిన్న డెక్ ఓవెన్ ఒక్కటే 6, 7 కిలోవాట్లు తీసుకోవచ్చు. ఆ గదికి సింగిల్ ఫేజ్, 3 కిలోవాట్ల లోడే ఉంటే ఓవెన్ పెట్టలేవు. లోడ్ పెంచాలంటే కరెంటు సంస్థ బెస్కామ్‌లో ఓనరు కాగితాలు, సంతకం కావాలి, ఆ రోజులన్నిటికీ నువ్వు ఊరికే అద్దె కడతావు. "అడ్వాన్స్ ఇచ్చాక చేయిస్తా" అంటే ఒప్పుకోకు. కమర్షియల్ మీటరేనా కాదా చూసుకో. గ్యాస్ వాడితే 19 కిలోల కమర్షియల్ సిలిండరే, ఇంటి సిలిండరు వాడావో అది నేరం, పైగా ప్రమాదం జరిగితే బీమా రాదు. అగ్రిమెంటులో అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత కోస్తారో, ఏటా అద్దె ఎంత పెరుగుతుందో, నోటీసు ఎన్ని నెలలో అంకెల్లో ఉండాలి. లాకిన్ అని మూడేళ్లు రాస్తే సంతకం పెట్టకు. ముందే మూసినా మూడేళ్ల అద్దె అడుగుతారు. ఏడాదికి మించిన లీజు అయితే రిజిస్టర్ చేయించాలి.

కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు కావాలి. పాత బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ 2025లో ఐదు కార్పొరేషన్లయింది, మీ వీధి దేని కిందకొచ్చిందో ముందు కనుక్కో. తెరిచిన 30 రోజుల్లో షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్ చేయించు. బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలి, ముందే రాయించు, రెండుసార్లు బోర్డు ఖర్చు పడకుండా. సరుకు అమ్మేవాళ్లకి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితే జీఎస్టీ. 2025 జూలైలో బెంగళూరులో యూపీఐ వసూళ్లు చూసి చిన్న దుకాణాలకి, బేకరీలకి నోటీసులు వచ్చాయి. చాలామందికి ఇంటి డబ్బూ అప్పుగా వచ్చిందీ దుకాణం వసూలూ ఒకే క్యూఆర్‌లో పడటంతో విడదీసి చూపించడం కష్టమైంది. నువ్వు మొదటి రోజు నుంచే వేరే కరెంట్ ఖాతా, వేరే క్యూఆర్ పెట్టు. నీకు నువ్వు నెలకింత అని జీతం రాసుకుని అదే తీసుకో. గల్లా పెట్టెలోంచి కూరగాయలకి వంద తీసే అలవాటు చేసుకోకు.

తూకం మిషన్‌కి ఏటా ముద్ర వేయించు. తూచేటప్పుడు ఖాళీ పెట్టె పెట్టి సున్నా చేసి, ఆ తర్వాత కేకు పెట్టు. కేకు పెట్టె 80 గ్రాములుంటుంది. దాన్ని కలిపి తూచితే కిలోకి 48 రూపాయలు కొన్నవాళ్ల దగ్గర దొంగిలించినట్టే. రెండు రాళ్ల సందులో మేకు దిగినట్టు అమ్మకానికీ కొనుగోలుకీ మధ్య పాపం దిగబడుతుందని సీరా జ్ఞానగ్రంథం 27వ అధ్యాయంలో ఉంది. ఆ సందు ఈ 80 గ్రాములే తల్లీ. ప్యాక్ చేసిన గుడ్డు కేకు మీద మాంసాహారపు గోధుమరంగు త్రికోణం తప్పనిసరి. పండ్లు రమ్ములో నానబెడితే పెట్టె మీదా నోటితోనూ చెప్పు.

సహాయకుడి జీతం 7వ తేదీ లోపు ఇచ్చెయ్యి. కనీస వేతనం పట్టిక చూసి, తక్కువైతే పెంచు. పనివాళ్ల కూలి పట్టి ఉంచితే ఆ కూలే మొరపెడుతుందని పునీత యాకోబు రాశాడు. ఒక నెల జీతం ఎప్పుడూ ఖాతాలో విడిగా ఉంచు, దుకాణం మూసే రోజున కూడా అది అతనిదే. ఆదివారం గురించి అడిగావు. హోటళ్ల లాంటి పనుల్లో ఆదివారం కొందరు పనిచేయక తప్పదని కతోలిక తిరుసభ సత్యోపదేశ గ్రంథమే ఒప్పుకుంటుంది, అయితే ఆ పనిచేసేవాళ్లకి తగిన విశ్రాంతి దొరకాలని కూడా అడుగుతుంది. పూజ అయ్యాక కొనేవాళ్ల కోసం 9 నుంచి 1 దాకా తెరువు, శనివారం సాయంత్రం పూజకి వెళ్లిరా, అదీ ఆదివారం పూజగా చెల్లుతుంది. సహాయకుడికి, అతను ఏ మతంవాడైనా, వారానికి ఒక పూర్తి రోజు సెలవు. సోమవారం మూసెయ్యి.

ఇక మొహమాటం సంగతి. మన గుడివాడే కదా అని కాగితం లేకుండా పార్ట్‌నర్‌ని కలుపుకోకు. భాగస్వామ్యంలో అతను చేసిన అప్పుకి నీ సొంత ఆస్తి కూడా జవాబుదారీ, రిజిస్టర్ కాని ఫర్మ్ అయితే కోర్టుకెళ్లి బాకీ వసూలు చేసుకోవడమూ కష్టం. ఎవరు ఎంత పెట్టారు, ఎవరు ఎన్ని గంటలు, విడిపోతే ఓవెన్ ఎవరిది అన్నది స్టాంపు పేపరు మీద రాసుకుంటే స్నేహం కూడా నిలుస్తుంది. పెట్టుబడి కోసం రిజిస్టర్ కాని చీటీలు పాడకు. ఎవరికీ హామీ సంతకం పెట్టకు, నీ కోసం ఎవరినీ పెట్టమనకు. సామెతల గ్రంథం ఈ విషయంలో పదేపదే హెచ్చరిస్తుంది.

అప్పు కావాలంటే కేంద్ర ప్రభుత్వ ముద్రా పథకంలో శిశు రుణం 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తాకట్టు లేకుండా. కేంద్ర ప్రభుత్వ ఉపాధి పథకం పీఎంఈజీపీ కింద మహిళలకీ మైనారిటీలకీ పట్టణంలో 25 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. కానీ అది కొత్త యూనిట్లకే. నువ్వు ముందే దుకాణం తెరిస్తే అర్హత పోతుంది, కాబట్టి దరఖాస్తు ముందు, తెరవడం తర్వాత. ఇంకొక మాట కష్టంగానే చెబుతున్నాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదు. ఆ అన్యాయం మనందరినీ కోస్తుంది. అయినా పాత సర్టిఫికెట్‌తో ఎస్సీ పథకం అప్పు తీసుకోమని ఎవరైనా చెబితే తీసుకోకు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే డబ్బూ పరువూ రెండూ పోతాయి. మైనారిటీ కోటాలోనే వెళ్లు.

ఫాదర్‌గారిని పిలిచి దుకాణం ఆశీర్వదింపజేసుకో, దానికి కొబ్బరికాయంత ఖర్చు కూడా అక్కర్లేదు. కానుక గుడికి ఎంత ఇవ్వాలన్నది నీ జీతంలోంచి, లెక్క చూసుకున్నాక. "విత్తనంగా లక్ష వెయ్యి, పది లక్షలు వస్తాయి" అనే ప్రార్థన కూటాలకి నీ పెట్టుబడి ఇవ్వకు, మన తిరుసభ అలా నేర్పదు.

బ్రెడ్డు, బన్ను, పఫ్ లెక్కలూ, ఓనరు ఇచ్చే అగ్రిమెంటు ముసాయిదా, కరెంటు బిల్లు ఫొటో వాట్సాప్‌లో పెట్టు. చదివి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా టోకెన్ అడ్వాన్స్ అని కూడా ఎవరికీ రూపాయి ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ జ్ఞానతండ్రి